కొట్టంలో మా పెద్దమ్మ పొయ్యి

మా పెద్దమ్మ పోయింది. బుక్కరాయసముద్రంలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుండగా అమ్మ ఫోను చేసింది. "పాపా, మీ పెద్దమ్మ ఇంక లేదే" అని, "పొయ్యి మింద ఎసరు కాగతానే ఉండాది" అంది. మొదటి మాటకు రాని ఏడుపు ఆ రెండో మాటకు వచ్చింది. సోమందేపల్లె వైపు పోయే బస్సులో కూర్చున్నాక కూడా ఆ ఎసరు ఎవరు దించి ఉంటారా అన్న ఆలోచనే. ఆ పొయ్యి దగ్గరికి ఆమె తప్ప మరొకరు వెళ్లేవాళ్లు కాదు.

పెద్దమ్మ అంటే మా నాయనకు వదిన. ఒకే ప్రహరీ లోపల మా రెండిళ్లు ఉండేవి, మధ్యలో వాకిలి, ఒక పక్కన పశువుల కొట్టం. ఆమెకు ఒక్కతే కూతురు, గుత్తిలో ఇచ్చారు. పెద్దనాయన ఊళ్లో పెద్దమనిషి. గట్టు తగాదా వచ్చినా, ఓట్లు వచ్చినా జనం ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఊళ్లో చెల్లినంత ఇంట్లో ఆయన మాట చెల్లదని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. కానీ ఒక్క మాట చెల్లింది. పెద్దమ్మ చనిపోయేదాకా చెల్లింది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ మాట గురించే.

అవి వానలు వరసగా ఎగ్గొట్టిన ఏండ్లు. చెనక్కాయ వేస్తే వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. కాళ్లూ చేతులూ ఆడే వాళ్లంతా బెంగళూరికి కూలికి పోయారు, పసిపిల్లల్ని అవ్వల దగ్గర వదిలి. ఆ అవ్వలు రేషను బియ్యం ఉడికించి కారప్పొడి కలిపి పెట్టేవాళ్లు. కొర్రలు, రాగులు అప్పటికే లేనోళ్ల తిండి అయిపోయాయి. ఉన్నవాళ్లం అనిపించుకోవాలంటే తెల్లన్నం తినాలి. మా ఇంటి అరుగు మీద చెనక్కాయలు ఒలవడానికి వచ్చే ఒకామె తన బిడ్డను పక్కనే గోనెపట్ట మీద పడుకోబెట్టేది. ఆ బిడ్డ జుట్టు రాగి రంగుకు తిరిగింది, కడుపు ముందుకొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డ. పెద్దమ్మ మజ్జిగలో సంగటి పిసికి పట్టేది. ఒకరోజు తల్లి ఒక్కతే పనికొచ్చింది. బిడ్డ ఏదని పెద్దమ్మ అడిగితే చెయ్యి పైకి చూపించింది. ఆ రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతే క్రైస్తవ మిషన్ వాళ్లు ఊరికీ ఎస్సీ కాలనీకీ నడుమ రేకుల షెడ్డు వేశారు. కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు మధ్యాహ్నం వేడిగా వండి పెడతామన్నారు. దాన్ని చూసుకోవడానికి వచ్చిన సిస్టరమ్మది కేరళ. ఆమె తెలుగుకు మేం నవ్వి చచ్చేవాళ్లం గానీ, పిల్లల కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసేటప్పుడు ఆమె ముఖం చూస్తే నవ్వు ఆగిపోయేది.

ఆమెకు వచ్చిన చిక్కు వంట కాదు, వండే చేతులు. కాలనీ ఆమె వండితే ఊరి పిల్లలు రారు. ఊరామె ఒక్కతే వండడానికి సిస్టరమ్మ ఒప్పుకోదు. అంత పెద్ద కుండలో రాగిసంగటి ఒకరి వల్ల అయ్యేది కాదు. ఒకరు కుండను కదలకుండా పట్టాలి, ఒకరు తెడ్డుతో కెలకాలి. ఆ ఇద్దరిలో ఒకరు కాలనీ నుంచి, ఒకరు ఊళ్లోంచి రావాలని ఆమె పట్టు. ఇల్లిల్లూ తిరిగింది. అందరూ మంచినీళ్లిచ్చి పంపారు. మా వాకిట్లోకి వచ్చినప్పుడు పెద్దమ్మ చేట కింద పెట్టి ఒకటే అడిగింది.

"ఆడ ఎవురి బిడ్డలు తింటారమ్మా?"

"అందరి బిడ్డలు."

"అట్లయితే వస్తా."

పెద్దనాయన ఆ వేళ పెనుకొండలో ఉన్నాడు. ఉండి ఉంటే కథ మరో రకంగా ఉండేదేమో. నాకైతే నమ్మకం లేదు.

కాలనీ నుంచి వచ్చినామెను పెద్దమ్మ 'జతగత్తె' అని పిలిచేది. తర్వాత ఊరంతా అదే పిలుపు. ఒకరోజు ఈమె కుండ పడితే ఆమె కెలికేది, మర్నాడు అటుదిటు. పొద్దున్నే ఇద్దరూ గట్ల వెంబడి పోయి గురుగాకు, చెంచలాకు ఒడినిండా కోసుకొచ్చేవాళ్లు. కొర్రన్నంలోకి ఆకుపప్పు, సంగట్లోకి ఊరిబిండి పచ్చడి, చివర్లో బెల్లంతో కట్టిన చెనక్కాయ ఉండ. మొదట్లో ఊరి పిల్లలు షెడ్డు బయట కంపచెట్ల చాటున నిలబడి వాసన చూసేవాళ్లు. పెద్దమ్మ పిలిచేది కాదు. ఉండ చేతిలో పెట్టుకుని వాళ్లకు కనపడేలా గడపలో కూర్చునేది, అంతే. కొన్నాళ్లకు చాటు అక్కర్లేకపోయింది. ఇళ్లలో తెలిసినా, రేపు వీళ్లకు నేనెక్కడ తెచ్చిపెట్టాలి అనుకుని తల్లులు తెలీనట్టే ఉన్నారు.

తినేముందు సిస్టరమ్మ ప్రార్థన చేసేది. పెద్దమ్మ శనివారం ఆంజనేయస్వామి గుడి మానలేదు, నొసటి బొట్టు చెరపలేదు, సిస్టరమ్మ చెరపమననూ లేదు. కానీ ప్రార్థనప్పుడు పెద్దమ్మ కూడా చేతులు జోడించేది. ఎవరికి మొక్కుతున్నావని నేను ఆట పట్టిస్తే, "ఆయమ్మ ఆయమ్మ దేవునికి చెప్తాది, నేను నా దేవునికి చెప్తా. ఎవురికి ఇనపడినా సరే, బిడ్డ కడుపు నిండితే సాలు" అంది.

ఇక పెద్దనాయన సంగతి. టీ అంగడి దగ్గర ఎవరో, "ఏమన్నా, మా వదినె మిషన్లో కలిసినాదంట గదా. రేపు నిన్ను గూడా నీళ్లల్లో ముంచుతారా ఏమి?" అన్నాడట. అందరూ నవ్వారట. పదిమందిలో నవ్వులపాలైన పెద్దమనిషి నేరుగా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి అన్నాడు.

"ఆడ ఆ కాలనీ ఆయమ్మతో కలిసి కుండలో చెయ్యి పెట్టినదానివి, ఈ ఇంట్లో పొయ్యి ముట్టొద్దు. నువ్వు వండింది నేను తినను."

మేమంతా ఆమె ఏడుస్తుందని చూశాం. ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి, ఒక చిన్న గిన్నె, అన్నం తినే ఒక తట్ట, ఒక చెంబు తీసుకుని పశువుల కొట్టంలోకి పోయింది. మేత లేక ఎద్దుల్ని ఆ ఎండాకాలమే అమ్మేశారు, కొట్టం ఖాళీ. మేత వేసే గాడి పక్కన మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేసుకుంది. ఆ పూట నుంచి పెద్దనాయనకు వంట మా అమ్మ చేసేది. "నాలుగు దినాలు పోతే బావ తగ్గుతాడులే అక్కా" అని అమ్మ చెప్పింది. తగ్గలేదు. ఏండ్లు పోయాయి.

ఆమె కొట్టంలో వాకిలికి వీపు చేసి కూర్చుని తినేది. మేం దగ్గరికి పోతే తట్ట మీద మూత పెట్టేసేది. "తింటివా పెద్దమ్మా?" అంటే "ఆఁ, అయిందిలే" అనేది. పండగ పూట అమ్మ పంపిన ఓళిగలు తీసుకునేది గానీ మర్నాడు అవి కాలనీ పిల్లల చేతుల్లో కనిపించేవి. అంతమంది బిడ్డలకు వడ్డించి వచ్చిన మనిషి, సందె పొద్దుకు ఒక్కతే ఖాళీ గాడి పక్కన చేరగిలబడితే చూడలేకపోయేదాన్ని. కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ వంట మానుకోని ఇంట్లోకి పోగూడదా పెద్దమ్మా?"

"మానుకుంటే ఆడ కుండ ఎవురు పడ్తారే? మీ పెద్దనాయనకు వండేదానికి మీయమ్మ ఉండాది. ఆ బిడ్డలకి ఎవురుండారు?"

"నీకు బాధగా లేదా?"

"బాధ యాల ల్యాదు? ఆయప్ప కడుపునిండా తిన్న్యాడో లేదో, ఈడ కూచ్చుంటే నాకు తెలస్తాదా?"

ఆమె తన బాధ గురించి చెప్పిందనే అప్పుడు అనుకున్నాను. మళ్లీ ఆయన ఆకలి గురించే చెప్పిందని ఆ తర్వాత తోచింది.

కొన్నేండ్లకు పెద్దనాయనకు చక్కెర జబ్బు వచ్చింది. అనంతపురం డాక్టరు తెల్లన్నం తగ్గించి రాగిసంగటి, కొర్రన్నం తినమన్నాడు. మా అమ్మకు సంగటి చేతకాదు, ఉండలు కట్టేది. ఆయన తట్ట నెట్టేసేవాడు. కొట్టంలోంచి పెద్దమ్మ గొంతు వినిపించేది, ఎవరి వైపూ చూడకుండా, గాలిలోకి.

"పిండి ఒక్కతూరిగా పొయ్యొద్దు చెల్లీ. కుండ నడుమ పోసి కెలక్కుండా మూత పెట్టు. ఉడుకు రానీ."

అమ్మ వినపడనట్టు నిలబడితే పెద్దనాయన అరుగు మీద నుంచి, "ఎవురో చెప్తాండారు గదా, ఇను" అనేవాడు. అలా ఆమె చెప్పినట్టు వండిన సంగటి, ఆమె చెయ్యి పడకుండా, ఏండ్ల తరబడి తిన్నాడు. జబ్బు అదుపులోకి వచ్చింది. డాక్టరు మెచ్చుకున్నాడని అమ్మకు చెప్పాడు, కొట్టం దాకా వినపడేలా.

సిస్టరమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. మా ఊళ్లో అంగన్‌వాడీ నిలదొక్కుకున్నాక మిషన్ వాళ్లు షెడ్డు మూసి, ఇంకా కరువున్న పల్లెలకు పోయారు. ఇక పెద్దమ్మ ఇంట్లోకి పోతుందని మేమంతా ఎదురుచూశాం. ఆయన పిలుస్తాడని ఆమె, ఆమె అడుగుతుందని ఆయన. ఒక ముసురు నాడు కొట్టం కారితే పెద్దనాయన మనుషుల్ని పెట్టి పైన కొత్త రేకులు వేయించాడు. లోపలికి రా అని మాత్రం అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం ఆ రేకుల వంక చూసుకుంటూ, "మంచి రేకులేపిచ్చినాడు, పాపం" అని నాకే చూపించింది. ఈ ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించేది.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఆమె ప్రతి బస్సులో చెనక్కాయ ఉండలు పంపేది. మా ఊరి నుంచి వచ్చే కండక్టర్లందరికీ నా నెలలు తెలిసిపోయాయి. ఇవాళ మా బడిలో పిల్లలు భోజనానికి వరసలో నిలబడితే, నా చెయ్యి దానంతటదే పోయి ఎవరో ఒకరి కింది రెప్ప లాగి చూస్తుంది. సిస్టరమ్మను చూసి పెద్దమ్మ నేర్చుకున్న అలవాటది. ఆ చెయ్యి ఆమె ఇచ్చిందే.

మూడోనాడు సమాధి మీద పాలు పోసి, పోయినవాళ్లకు ఇష్టమైనది వండి ఆకులో పెట్టడం మా వాళ్ల ఆచారం. తెల్లారుతుండగా ఆడవాళ్లం ఇంటి పొయ్యి ముందు చేరాం. ఏం వండాలి?

గుత్తి అక్క, "నాకిష్టమని ఓళిగలు చేసేది" అని, తన ఇష్టం చెప్తున్నానని తెలిసి ఆగిపోయింది. నాకు ఆమె పెట్టినవన్నీ గుర్తున్నాయి. ఆమె తిన్నది ఒక్కటీ గుర్తు లేదు. వాకిలికి వీపు చేసుకుని ఇన్నేండ్లు తిన్న మనిషికి ఏమంటే ఇష్టమో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

జతగత్తె ప్రహరీ బయట నిలబడి ఉంది. నేనే పోయి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తెచ్చి అడిగాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బిడ్డలంతా తిని పోయినాక అక్క కుండ అడుగున మాడు గీరుకోని తినేదమ్మా. అదే ఇష్టమో, మిగిల్యాది అదేనో, నాకు తెల్దు. నేను అడగల్యా."

అరుగు మీద కూర్చున్న పెద్దనాయన ఎప్పుడు లేచాడో, గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"సంగటి పెట్టండి. ఆయమ్మను లోపలికి రమ్మను, కుండ పట్టుకుంటాది" అన్నాడు. కాసేపటికి, "మాడనీండి" అన్నాడు.

జతగత్తె కుండ పట్టింది. నేను కెలికాను. పొగ ఇల్లంతా కమ్మినా ఆయన కదల్లేదు. గీరిన మాడును తనే ఆకులో పెట్టుకుని సమాధి దాకా మోసుకొచ్చాడు. పాలు పోయడం అయ్యాక అందరం వెనక్కి తిరిగాం. కొంత దూరం వచ్చి చూస్తే ఆయన రాలేదు. ఆ ఆకు ముందు గొంతుక్కూర్చుని, అందులోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆ గట్టి ముక్క పళ్లు లేని నోటికి లొంగడం లేదు. మింగలేక, ఉమ్మలేక, ఆ ఎండలో ఒక్కడే కూర్చుని నములుతూనే ఉన్నాడు.