ఇంగ లేసేదా?

మా పునరావాస కేంద్రంలో ప్రతి తలుపుకూ ఒక బోర్డు ఉంది, నా గదికి తప్ప. ఆదోనిలో చేరిన కొత్తలో నన్ను ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. ఆయా ‘ఆటల పాప’ అనేది. రోగుల బంధువులు నర్సు అనుకొని సూది ఎప్పుడు వేస్తారని అడిగేవాళ్ళు. నియామకపు కాగితం మీద మాత్రం రిక్రియేషన్ థెరపిస్టు అని ఉంది. పక్షవాతం వచ్చి నెలల తరబడి మంచం పట్టినవాళ్ళను ఆటలతో, పాటలతో, చేతిపనులతో మళ్ళీ మనుషుల్లోకి తేవడం అని కోర్సులో చదువుకున్నాను. ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళు అడిగితే ఇదంతా చెప్పలేక, ‘ఆసుపత్రిలో’ అని తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని.

ఒక మంగళవారం డాక్టరమ్మ పిలిచారు. కేంద్రానికి గుర్తింపు కోసం దరఖాస్తు పెడుతున్నారు. ఒక్కో ఉద్యోగి ఏమేం చేయవచ్చో, ఏమేం చేయకూడదో ఒక్కో పేజీ కావాలట. నేను రెండు రోజులు కూర్చొని ‘మానసికోల్లాసం’, ‘సమగ్ర వికాసం’ లాంటి మాటలతో ఒకటిన్నర పేజీ రాశాను. డైరీలో కూడా అంత అందంగా ఎప్పుడూ రాసుకోలేదు. గురువారం ఆమె చదివి బల్ల మీద పెట్టారు.

“బాగుంది. కానీ ఇందులో నీ పేరు తీసేసి వంటామె పేరు పెట్టినా సరిపోతుంది. నీ పనికి గట్టు, అంటే హద్దు, ఎక్కడుందో రాయి. సోమవారం దాకా చూస్తాను. రాయలేకపోతే ఆ గదిలో ఫిజియోకి ఇంకో రెండు మంచాలు వేసుకుంటాం, నువ్వు ముందర కౌంటర్‌లో కూర్చుందువు.”

కౌంటర్ అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొత్తవాళ్ళతో మాట్లాడాలి. నేను ఫోన్ మోగితే ధైర్యం కూడదీసుకునేలోపు అది ఆగిపోయే రకం మనిషిని.

బయట వరండాలో ఫిజియోథెరపీ చేసే అన్న ఈ మాటలన్నీ విన్నట్టున్నాడు. ఆయనది పెద్దకడుబూరు దగ్గర పత్తి పండించే ఇల్లు.

“గట్టు బాగా సూసి ఏయ్ పాపా. మా సేన్లోకి వస్తే ఊరుకోను మల్ల. మా ఊర్లో గట్టు కాడ తలకాయలే పగుల్తాయి,” అని నవ్వాడు.

నేనూ నవ్వాను కానీ ఆ ఒకటిన్నర పేజీని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచేశాను.

ఆ వారమే ఎమ్మిగనూరు నుంచి ఒక తాత కొత్తగా రావడం మొదలుపెట్టాడు. నేను వచ్చే బస్సులోనే భార్య చేయి పట్టుకొని వచ్చేవాడు. బస్సులో నేను పుస్తకం వెనక దాక్కుంటాను కాబట్టి పలకరింపులు లేవు. ఆయన చిన్నప్పటి నుంచి మగ్గం నేసినవాడు. పక్షవాతంతో కుడి చేయి సగం పడిపోయింది. పొద్దున గంటసేపు ఫిజియో అన్న దగ్గర, సాయంత్రం బస్సుకు ముందు అరగంట నా గదిలో.

నేతగాడని తెలియగానే నాకు చాలా తెలివైనదనిపించిన ఆలోచన ఒకటి వచ్చింది. చిన్న చెక్క చట్రానికి రంగురంగుల పోగులు కట్టి, తెగినవాటిని అతకమని ఆయన ముందు పెట్టాను. తెలిసిన పని కదా, సంతోషిస్తాడనుకున్నాను. ఆయన నిటారుగా కూర్చొని, ఎడమ చేత్తో పోగు పట్టి, కుడి చేత్తో తంటాలు పడుతూ ఒక్క మాట మాట్లాడకుండా చేశాడు. గోడ గడియారంలో అరగంట కాగానే తలెత్తి అడిగాడు.

“ఇంగ లేసేదా పాపా?”

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. రిజిస్టర్‌లో ‘చక్కగా పాల్గొన్నారు’ అని రాశాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే.

శుక్రవారం నేను చట్రం బల్ల మీద పెడుతుంటే ఆయన భార్య ఆగలేకపోయింది.

“మగ్గం మింద కూసోని కూసోని నడుము పోయెనని ఇన్నాళ్ళూ ఏడ్సె. ఈడ గూడా మల్లా పోగులేనా తల్లీ?”

“ఊరుకోమే,” అన్నాడు తాత. “పాప సెప్పింది, సేస్తాండా. పని సెప్తే లేదంటామా?”

నా చేతిలో చట్రం అలాగే ఉండిపోయింది. నేను ఆట అనుకొని ఇచ్చినది ఆయనకు పని. మూడు రోజులూ ఆయన అడిగింది మర్యాద కొద్దీ కాదు, మగ్గం దిగడానికి సెలవు.

ఏం చేయాలో తోచక, ఎప్పుడూ అడగనిదాన్ని అవ్వను అడిగాను. “మరి తాతకి ఏమిష్టం అవ్వా?”

“ఏముండాది, బారకట్ట ఆట. పెండ్లి కాకముందర అరుగు మింద కూసుంటే కూటికి గూడా లేసేటోడు కాదంట. మా అత్త సెప్పి సెప్పి నవ్వేది. మగ్గం మింద పడినాక యాడిది?”

శనివారం నేను చింతపిక్కలు నాలుగు ఒకవైపు అరగదీసి తెచ్చాను. బల్ల మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్ళు గీశాను. కాయలకు అవ్వ చేతిసంచిలోంచి పగిలిన గాజుల ముక్కలు బయటికి వచ్చాయి. అవి ఎందుకు దాచుకుందో నేను అడగలేదు. అవ్వను తాతకు ఎదురుగా కూర్చోబెట్టి, నేను గోడవారగా నిలబడ్డాను.

ముందు అవ్వ వేసి కాయ కదిపింది. తర్వాత తాత ఎడమ చేత్తో పిక్కలు వేశాడు. నాలుగు పడింది. అదే సమయానికి ఫిజియో అన్న తలుపు దగ్గర నుంచి తొంగిచూశాడు.

“ఏం పాపా, కుడి చేత్తో ఏపీయచ్చు కదా? ఎక్సర్‌సైజ్ అవుతాది.”

నేను గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాను. “ఈడ ఏ చేత్తో వేయాలో తాత ఇష్టం అన్నా.”

ఆ మాట నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది. కానీ ఆ వాదన అంతటితో తేలలేదు, అవ్వ అందుకుంది.

“ఇష్టమా? ఎడమ చేత్తో ఏస్తే సెల్లదు! నేనొప్పుకోను. ఏసేది కుడి చేత్తో ఏయ్, లేకుంటే ఓడినానని సెప్పి లెయ్.”

“ఓడేది నేనా?”

“మల్ల యెవురు, బస్సు డైవరా?”

తాత పిక్కలను ఎడమ చేత్తో కుడి అరచేతిలో పోసుకున్నాడు. వేళ్ళు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. చేయి వణికింది, రెండు పిక్కలు కింద పడ్డాయి. అవ్వ వాటిని ఏరి మళ్ళీ ఆ అరచేతిలోనే పెట్టింది. ఈసారి నాలుగూ బల్ల మీదే పడ్డాయి, నాలుగూ బోర్లా. ఎనిమిది! ఆయన అవ్వ కాయను కొట్టి, నోరంతా తెరిచి నవ్వాడు. అన్న ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. చేతులు కట్టుకొని చూస్తున్నాడు.

అరగంట అయిపోయింది. తాత గడియారం వైపు చూడలేదు. అవ్వే లేచింది.

“లెయ్, బస్సు పోతాది.”

“పోతే ఇంగోటి వస్తాది. నీ వంతు, ఏయ్.”

ఆదివారం ఇంట్లో డైరీ ముందేసుకొని ఆ పేజీ రాశాను. పెద్ద మాట ఒక్కటీ రాలేదు. నేను మందు ఇవ్వను. చేయి ఎంత లేచిందో కొలవను, ఎత్తించను. అది ఫిజియోథెరపిస్టు పని. మనసులో దాచుకున్నవి తవ్వి అడగను. రోగి ఒకప్పుడు కూలికి చేసిన పనిని, తనంతట తాను కోరితే తప్ప, ఆట పేరుతో ఇవ్వను. ఏ ఆట ఆడాలో, ఎవరితో ఆడాలో ముందు అడుగుతాను; చెప్పలేకపోతే ఇంటివాళ్ళను అడుగుతాను. చోటు, సామాను, తోడు ఆడేవాళ్ళను సమకూరుస్తాను. చివర్లో ఇలా రాశాను: ‘ఇంక లేవవచ్చా అని రోగి అడిగితే, అది నా గదిలో జరగవలసిన పని కాదు. మార్చాలి.’

సోమవారం డాక్టరమ్మ చదువుతుంటే నేను ఆమె బల్ల మీది గాజు గోళం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆఖరి వాక్యం దగ్గర ఆమె ఆగారు.

“ఇది ఏ పుస్తకంలోది?”

“పుస్తకంలోది కాదు మేడం. తాత అన్నాడు.”

ఆమె సంతకం పెట్టి, ఫిజియో అన్నను పిలిచి మంచాలు వరండా చివర వేసుకోమన్నారు. అన్న బయటికి వచ్చాక, “గట్టు బాగానే ఏసినావు పాపా. రోజూ ఆ పిక్కలు ఏపియ్యి, నా పని సగం తగ్గుతాది,” అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో మామూలుగానే కిటికీ పక్కన పుస్తకం తెరిచాను. రెండు సీట్ల ముందు నుంచి తాత గొంతు గట్టిగా వినిపించింది.

“ఓ పాపా! పిక్కలు తెచ్చినావా లేదా? నా పక్కన కూసున్న కోడుమూరు ఆయప్పకు గూడా ఆట వస్తాదంట!”

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. నా చెవులు వేడెక్కాయి. బస్సులో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఆ పేజీలో నేను రాయలేదు. పిక్కలు మాత్రం సంచిలోనే ఉన్నాయి. పుస్తకం మూసి, లేచి ముందుకు వెళ్ళాను.