ఏకాదశి నాటి నీళ్లు

ఆ బుధవారం తెనాలిలో మొదటి రైలు పట్టుకుని రేపల్లె వెళ్లాను. రైలు వేమూరులో ఆగినప్పుడు డైరీ తీసి మళ్లీ చూసుకున్నాను. నిరుడు ఇదే తేదీన, ఉదయం పదకొండింటికి, సముద్రపు పాటుకు నీళ్లు దిగి ఉప్పుటేటి ఒడ్డున రొయ్యల చెరువు గొట్టం బయటపడింది. అందులోంచి నల్లటి నీళ్లు ఏట్లోకి పడుతుంటే వీడియో తీశాను. నా సినిమాలకు ఎవరూ డబ్బు పెట్టరు, ఎవరూ గడువు పెట్టరు. రిటైరయ్యాక నేనే కెమెరా, నేనే ఎడిటింగ్. ఈసారి మాత్రం గడువుంది. గొట్టం ఎప్పుడో తీసేశామని చెరువు యజమాని రాసిచ్చాడు. మర్నాడే బాపట్లలో అధికారి దగ్గర విచారణ. గొట్టం ఇంకా ఉందని చూపించకపోతే ఆ ఏట్లో పీతలు పట్టి బతికేవాళ్ల ఫిర్యాదు కొట్టేస్తారు.

ఫిర్యాదు పెట్టిన పడవాయన, అతని భార్య ఒడ్డునే ఉన్నారు. పడవెక్కి గొట్టం చోటికి వెళ్లాం. పదకొండయింది. పన్నెండయింది. నీళ్లు కాస్త దిగి ఆగిపోయాయి. గొట్టం ఉండాల్సిన చోట మడచెట్ల నీడ తప్ప ఏమీ లేదు.

"నిరుడు సరిగ్గా ఇదే రోజు కదయ్యా" అని డైరీ చూపించాను.

"నిరుడు ఆ రోజు అమావాస్య మాస్టారూ. ఇవాళ ఏకాదశి. ఏకాదశికి నీళ్లు సగమే దిగుతాయి."

"మరి ముందే చెప్పొద్దూ?"

అతని భార్య నవ్వింది. "మీరు ఫోన్‌లో తేదీ చెప్పి వస్తున్నానన్నారు. చదువుకున్నోళ్లు, అన్నీ చూసుకునే వస్తారనుకున్నాం. అంత లావు పుస్తకంలో తిథి రాసుకోవడానికి చోటే దొరకలేదేంటండి?"

వెలుతురు, లెన్సు, బ్యాటరీ, తిన్న టిఫిన్ కూడా రాశాను. తిథి రాయలేదు.

పడవాయన గెడ నీళ్లలోకి దింపి అటూ ఇటూ వెతికి పొడిచాడు. ఠంగుమంది. "ఇక్కడే ఉంది." ఆ చప్పుడు రికార్డు చేశాను. తర్వాత అతను మెల్లిగా అన్నాడు. "నిరుటి బొమ్మే పెట్టెయ్యండి. అదే గొట్టం, అదే కంపు. ఎవరికి తెలుస్తుంది?"

ఇంటికొచ్చి ఆ నిరుటి ముక్క ఎన్నిసార్లు చూశానో. మూలన తేదీ లేదు. అబద్ధం కూడా కాదనిపించింది.

మర్నాడు బాపట్లలో అధికారి అది చూసి అడిగారు. "ఇదెప్పుడు తీశారు?"

"నిరుడండి."

పడవాయన తల దించుకున్నాడు. గెడ చప్పుడు వినిపించాను. యజమాని తరఫు మనిషి "నీళ్లలో పాత రేకు ముక్క ఉన్నా అలాగే మోగుతుంది" అని నవ్వాడు.

అధికారి తన డైరీ తిప్పారు. "ఈ సోమవారం కాదు, పై సోమవారం మేమే వచ్చి చూస్తాం."

పడవాయన భార్య వేళ్ల కణుపులు లెక్కపెట్టి లేచింది. "అది అష్టమి సార్. మీరొచ్చినా ఏమీ కనపడదు. పౌర్ణమికి రండి."

"పౌర్ణమి ఆదివారం పడిందమ్మా, సెలవు."

"అయితే ఈ సోమవారం పాడ్యమి. పాడ్యమికి కూడా నీళ్లు అడుగంటా దిగుతాయి."

ఆయన రాసింది కొట్టేసి ఈ సోమవారమని రాశారు. యజమాని మనిషి నవ్వడం మానేసి ఫోన్ తీసుకుని బయటికెళ్లాడు.

బస్టాండులో పడవాయన నా వైపు చూడకుండానే అన్నాడు. "సోమవారం లోపు గొట్టం పీకేస్తే?"

"పీకేస్తే మంచిదేగా?"

"పీకితే మంచిదే మాస్టారూ. కానీ పీకరు, కనపడకుండా పక్కకి జరుపుతారు. మేం వేటకి పోతే చూసేదెవరు?"

తెనాలి బస్సు ముందొచ్చింది. ఎక్కలేదు. ఇంటికి ఫోన్ చేసి సోమవారం దాకా రానని చెప్పాను. వాళ్లిద్దరి వెనకే రేపల్లె బస్సెక్కి, కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.