మిద్దె మీది సలాకలు

మా సందులో ప్రతి ఇంటికీ ఒక బోర్డు వేలాడుతుంది, రూములు అద్దెకు ఇవ్వబడును అని. చాలావాటి మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. మా బోర్డు మీద మొన్న వేసవిదాకా ‘రూములు’ ఒక్కటే మిగిలి ఉండేది. అయినా ఎవరూ తీయరు. తీస్తే ఇక ఎవరూ రారని ఒప్పుకున్నట్టవుతుందని సందులో అందరి భయం. నాకైతే భయం కూడా పోయింది, ఓపిక లేక తీయలేదంతే.

కరీంనగర్‌లో మాది కాలేజీ వెనక గోడను ఆనుకుని ఉన్న సందు. ఒకప్పుడు ఇక్కడ ఇల్లంటే కింద ఓనర్లు, పైన విద్యార్థులు. ఏ ఇంటికి చూడు, బయటి నుంచి ఇరుకు మెట్లు, మెట్లెక్కితే వరండా, వరండా పొడుగునా గదులు, చివర అందరికీ కలిపి ఒక బాత్‌రూము. సందంతటికీ ఒకే మేస్త్రీ, ఒకటే ప్లాను. గదిలో ఒక మంచం, ఒక కిటికీ, మూలన గ్యాసు పొయ్యి పెట్టుకునేంత జాగా. ఇరవై ఏళ్ళ పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి? ఇరవై ఏళ్ళ పిల్లలే రాకుండా పోతారని ఆ మేస్త్రీకీ తెలియదు, మాకూ తెలియదు.

మా ఆయనది సలాక పని. స్లాబు పోసే ముందు ఇనుప సలాకలు వంచి, తీగతో కట్టే పని. హుజూరాబాద్ పక్కన మా ఊళ్ళో ఉన్న కాస్త భూమితో గడవక, పెళ్ళైన కొత్తలోనే దుబాయి పోయాడు. అక్కడా అదే పని. కొన్నేళ్ళకు కాలేజీ వెనక ఈ జాగా తీసుకున్నాం. కింద మాకో రెండు గదులు, పైన రూములు. “రూములు నిండినయంటే నేనొచ్చేస్త. ఇంటికాడ కూసొని కిరాయి తింట,” అన్నాడు. ఆ మాట నమ్మి నేను చంటిపిల్లను చంకనేసుకుని ఊరు విడిచి వచ్చాను.

రూములు నిండాయి, ఆయన రాలేదు. సెలవు మీద వచ్చి, మిద్దె ఎక్కి చూసుకుని, “ఇంకో అంతస్తు ఏస్తె బేఫికర్,” అన్నాడు. రెండో అంతస్తూ లేచింది. అదీ నిండింది. ఆ పైన కూడా పిల్లర్ల సలాకలు కోయనివ్వలేదు. మేస్త్రీ కోస్తానంటే దుబాయి నుంచి ఫోన్‌లో కేకలేశాడు. “మల్ల స్లాబ్ ఎయ్యాలె, సలాక ముట్టుకోకుండ్రి.” సందులో అందరి మిద్దెల మీదా అంతే, ఎవరి ఇల్లూ పూర్తయినట్టు ఉండదు. ఎవరి కంట్లోనూ పొడుచుకోకుండా సలాకలకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు బోర్లించాం. పిల్లలు వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్ళు. బట్టలు తీయడానికి పైకి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆ సలాకలు అలా నిలబడి ఉన్నన్నాళ్ళూ మా ఆయన రాడని నాకు తెలుసు.

అప్పటి సందు సంగతి చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. పొద్దున్నే ప్రతి కిటికీ నుంచీ కుక్కర్ కూతలు. టమాట కూర మాడిన వాసన. మూల మీద జిరాక్స్ షాపు, పక్కన మెస్సు, సాయంత్రం మిర్చి బండి. నేను గట్టిగా అరవకపోతే నల్లా నీళ్ళన్నీ స్నానాలకే పోసేసేవాళ్ళు. “ఆంటీ కొద్దిగ కారం” అని గిన్నెతో దిగేవాళ్ళు, గిన్నె తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు. మా ఇంట్లో గిన్నెలు ఎన్ని పోయాయో, మాకు తెలియని గిన్నెలు అన్ని వచ్చాయి.

మా సందులో ఒక పద్ధతి ఉండేది. అడ్వాన్సు అడిగేవాళ్ళం కాదు. జూన్‌లో తండ్రి కొడుకును వెంటబెట్టుకుని, ఇంటి బియ్యం సంచి భుజాన వేసుకుని వచ్చేవాడు. గది చూసి, నచ్చితే సంచి మూలన దింపేవాడు. సంచి దిగిందంటే గది వాళ్ళదే. తర్వాత ఎవరొచ్చి ఎంత ఎక్కువిస్తామన్నా ఇచ్చేది లేదు. అటు తండ్రి కూడా దింపిన సంచి మళ్ళీ ఎత్తేవాడు కాదు. పక్కింట్లో ఇంకా మంచి గది కనపడినా, నోరు మూసుకుని ఉండేవాడు. జమ్మికుంట వాళ్ళు, ఇచ్చోడ వాళ్ళు, ఎవరొచ్చినా ఇదే మాట మీద ఉండేవాళ్ళు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఒక్కరూ తప్పగా నేను చూడలేదు.

సందు ఒక్కసారిగా పాడవలేదు. మొదట కాలేజీలో ఒకటి రెండు కోర్సులు ఎత్తేశారు. తర్వాత బైపాస్ అవతల కొత్త కాలేజీలు లేచాయి, వాటికి సొంత హాస్టళ్ళు, ఊరూరా తిరిగే పసుపు బస్సులు. కాస్త చదివే పిల్లలు ఇంటర్ అవగానే కోచింగ్ అని హైదరాబాద్ బస్సెక్కారు. కరోనా వచ్చినప్పుడు ఉన్నవాళ్ళంతా బట్టలు సర్దుకుని వెళ్ళారు, బియ్యం సంచులు గదుల్లోనే ఉన్నాయి. వాటి కోసమన్నా వస్తారని చూశాను. సంచుల్లో పురుగు పట్టింది, చెరిగి పక్షులకు వేశాను. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు.

ఆ తర్వాత మెస్సు మూతపడింది. జిరాక్స్ షాపు చికెన్ సెంటర్ అయింది, అదీ నడవక షటర్ దించేశారు. కాలేజీ వెనక గోడ ఒకచోట కూలితే ఎవరూ కట్టలేదు. సాయంత్రమైతే అందులోంచి తాగుబోతులు వస్తారు. కాలువ నిండి మురుగు సందులోకి పారుతుంది. కిటికీ అద్దాలు పగిలితే అట్టలు అడ్డం పెట్టుకుంటున్నాం. వచ్చే ఎన్నికలకు సీసీ రోడ్డు వేస్తామంటారు, వేసినా నడిచేదెవరో మరి.

కుటుంబాలకు ఇవ్వొచ్చు కదా అని మా అమ్మాయి జమ్మికుంట నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. అక్కడ స్కూల్లో టీచరు, మాకూ పాఠం చెబుతుంది. ఒకసారి ఒక జంట చూడటానికి వచ్చారు. ఆమె వరండా అంతా తిరిగి, “వంటిల్లేది అక్కా?” అంది. లేదన్నాను. “బాత్‌రూము?” చివరిది చూపించాను. భర్త వైపు చూసి నవ్వింది. నాకు కోపం వచ్చింది, కానీ ఆమె తప్పేముంది? కూల్చి కట్టాలంటే మా ఆయన ఇంకొన్నేళ్ళు దుబాయిలోనే ఉండాలి.

ఇదంతా మా ఆయనకు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. “జూన్‌ల నిండుతయి తియ్యే, నువ్వు ఊకె పరేషాన్ అయితవు,” అనేవాడు. ఏడాదికో జూన్ వచ్చి పోయింది. చివరికి కంపెనీ వాళ్ళు వయసైపోయిందని ఆయన్ని ఇంటికి పంపేశారు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా ఆగాడు. పైకెళ్ళి వరస గదుల తలుపులు తెరిచి, ఒక్కో గదిలో లైటు వేసి ఆర్పుతూ వెళ్ళాడు. కిందికొచ్చి అరుగు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకున్నాడు.

“గీ జూన్ చూస్త,” అన్నాడు తర్వాత. “నిండకుంటే మల్ల పోత. ఏజెంటుతోని మాట్లాడిన. మస్కట్‌ల చిన్న కంపెనీ ఉన్నదట, వయసు చూడరట.”

“గా మోకాళ్ళేసుకొనా?” అన్నాను.

“మోకాళ్ళకు కూడా తిండి పెట్టాలె గద,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన లేకుండా పిల్లను పెంచాను, పెళ్ళి చేశాను, ఈ ఇల్లు కాశాను. ఇంకోసారి విమానం ఎక్కించి వచ్చి ఒక్కదాన్నే అన్నం వండుకునే ఓపిక నాకు లేదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

వేసవంతా ఆయన గదులకు సున్నం వేశాడు. బోర్డు తీసి మళ్ళీ రాయించాడు. అడ్మిషన్లు మొదలైన నాటి నుంచి పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయనతోపాటు మా సందు ఓనర్లు ఇంకొందరు నిలబడేవాళ్ళు. బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు ఎగబడినట్టు ఎవరైనా పిల్లవాడు కనపడితే అందరూ ఒకేసారి “రూము కావాల్నా బిడ్డా” అనేవాళ్ళట. పిల్లలు భయపడి పక్కకు తప్పుకునేవాళ్ళట. ఇది ఆయనే నాకు చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు.

ఒకరోజు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇచ్చోడ నుంచి తెల్లవారకముందే బస్సెక్కారట. భుజం మీద బియ్యం సంచి. మా ఆయన ముఖం వెలిగింది, మోకాళ్ళ సంగతి మర్చిపోయి ముందు మెట్లెక్కాడు. వచ్చినాయన వరండాలో నిలబడి అటూ ఇటూ చూసి, “నేను గీ సందులనే ఉండి చదివిన అన్నా. గా మూలింట్ల,” అన్నాడు. మూల గదిలోకి వెళ్ళి, సంచి మెల్లగా దింపి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను కిందికి పరుగెత్తి చాయ పెట్టాను. తొందరలో చక్కెర ఎక్కువ పడింది. చాయ తాగి, సర్టిఫికెట్లు ఇచ్చి వస్తామని తండ్రీకొడుకులు కాలేజీకి వెళ్ళారు.

“చూసినవా?” అన్నాడు మా ఆయన. “ఒగలొస్తె పదిమందొస్తరు.” ఏజెంటు ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా.

మధ్యాహ్నం దాటాక తండ్రి ఒక్కడే మా గేటు లోపలికి వచ్చాడు. కొడుకు బయట ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్లవాడు కోరుకున్న గ్రూపులో చేరేవాళ్ళు లేక ఈ ఏడు ఆ గ్రూపే తీసేశారట. బైపాస్ అవతలి కాలేజీలో సీటుందని, హాస్టల్ కూడా వాళ్ళదేనని ఎవరో చెప్పారట.

“అక్కా, సంచి దింపిన. దింపినంక ఎత్తొద్దని నాకెరుకే,” అన్నాడు. నా ముఖం చూడలేదు. “బియ్యం మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి. మీరే తినుండ్రి.”

మా ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. కాసేపటికి సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఇన్నేళ్ళలో మా సందులో దింపిన సంచి తిరిగి బయటికి పోవడం అదే మొదలు. “పిలగాడు తినే బియ్యమే తమ్మీ. హాస్టల్ల ఇంటి బువ్వ పెట్టరు, జర వాళ్ళకు ఇచ్చి వండిపియ్యి,” అన్నాడు. ఆటో ఆపి సంచి తనే ఎక్కించాడు. ఆటో మలుపు తిరిగేదాకా తండ్రి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇక మస్కటేనని నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున్నే మిద్దె మీద పెద్ద చప్పుడు. సందంతా గింగురుమంది. పైకి పరుగెత్తితే, మా ఆయన కటింగ్ మిషన్ పట్టుకుని కూర్చున్నాడు, నిప్పురవ్వలు లేస్తున్నాయి. సలాకలు ఒక్కొక్కటే తెగి పడుతున్నాయి. సీసాలు మిద్దెంతా దొర్లుతున్నాయి.

పక్క మిద్దె మీది నుంచి కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన పెద్దాయన కేకేశాడు. “ఏందిరా, మల్ల స్లాబ్ ఎయ్యవా?”

“ఎయ్యను కాకా. ఇల్లయిపోయింది.”

నేను పై మెట్టు మీదే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. రూములు ఖాళీ, సందు పాడు, చేతిలో ఏమీ లేదు, అయినా నాకు సంతోషంగా ఉంది. సంతోషపడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. “మరి మస్కట్?” అన్నాను. మిషన్ ఆపి, చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. “ఎవలకోసం పోవాలె? పైన ఏసేది లేదు గద.” కోసిన మొదళ్ళకు సిమెంటు పూసి, అరచేత్తో నున్నగా రాశాడు.

వారం తిరక్కుండానే పని దొరికింది. బైపాస్ అవతలి కాలేజీలోనే, కొత్త హాస్టల్ కడుతున్నారు. సలాక మేస్త్రీగా రమ్మన్నారు. వంగక్కరలేదు, నిలబడి చూసుకుంటే చాలు. మా సందును ఖాళీ చేసిన హాస్టల్‌కే నువ్వు సలాకలు కట్టాలా అని నాకు కోపం వచ్చింది. “గా ఇచ్చోడ పిలగాడు గా హాస్టల్లనే పండాలె. మంచిగ కడ్తె ఏంబోయె,” అన్నాడు.

మొదటి రోజు పొద్దున డబ్బా కట్టించుకుని వెళ్ళాడు. నేను ఆయన దుబాయిలో ఉన్నప్పటిలాగే పని చేసుకుని, పొద్దు గుంకుతుంటే కుక్కర్ పెట్టాను. దించుతుండగా గేటు చప్పుడైంది. దుమ్ము కొట్టుకున్న చెప్పులు గుమ్మంలో విడిచి, ఖాళీ డబ్బా గట్టు మీద పెట్టి, “ఆకలైతుంది, బువ్వ పెట్టు,” అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో పనికి పోయిన మనిషి అదే సాయంత్రం ఇంటికి రావడం నేను చూడలేదు. కుక్కర్ తెరిస్తే అందులో ఒక్క మనిషి అన్నమే ఉంది. కాళ్ళు కడుక్కోమని చెప్పి, మళ్ళీ బియ్యం కడిగాను.