ఈసారన్నా కొత్తది

నాగజ్యోతికి ముప్పై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఆమె కోసమని కొత్తగా వచ్చిన వస్తువేదన్నా ఉందంటే మెడలో పుస్తెలతాడు ఒక్కటే. అది కూడా అత్త పాత గొలుసు కరిగించి చేయించిందేనని పెళ్లయిన ఆరు నెలలకు తెలిసింది.

చదివినవి అక్క రమణి పుస్తకాలు. మొదటి పేజీలో రమణి పేరు కొట్టేసి కింద తన పేరు రాసుకునేది. అక్క అప్పటికే ముఖ్యమైన ప్రశ్నల కింద గీతలు గీసిపెట్టి ఉండేది. అక్కకు ముఖ్యమనిపించినవే చెల్లెలికీ ముఖ్యం కావాల్సి వచ్చింది. మొగుడు కోటి తోలే ఆటో సెకండ్ హ్యాండ్. మార్కాపురం బస్టాండు వెనక సందులో ఆమె నడిపే డీటీపీ షాపులో టేబులు, కుర్చీ, గరగరమనే ఫ్యాను, అన్నీ వెనకటి ఓనరు వదిలిపోయినవే. ఆ ఓనరు దగ్గర ఎనిమిదేళ్లు టైపు కొట్టింది. ఆయన షాపు వదిలేస్తే కంప్యూటరుతో సహా తనే తీసుకుంది. పెళ్లిపత్రికలు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, పలకల ఫ్యాక్టరీల పెట్టెల మీద అంటించే లేబుళ్లు. ఈ ఊళ్లో ఎవరు ఎవరిని పెళ్లాడినారో, ఎవరు ఎప్పుడు పోయినారో ఆమె వేళ్లకు తెలుసు.

ఆ కంప్యూటరు పోయిన సోమవారం కాలిపోయింది. లోపల హార్డ్‌డిస్కు ఒక్కటే బతికింది. మాఘమాసం ముందర, పత్రికలు మీద పడే రోజుల్లో ఇట్లయింది. తర్లుపాడు నుంచి వెంకటేశ్వర్లు అనే రైతు రెండుసార్లు ఫోను చేసినాడు. శనివారానికల్లా చిన్నకూతురు పెళ్లికార్డు ప్రెస్సుకు పోకపోతే పక్క సందులో వేయించుకుంటానన్నాడు. ఒక పెళ్లి పక్క సందుకు పోయిందంటే ఆ ఇంటి బంధువుల పెళ్లిళ్లన్నీ దాని వెంటే పోతాయి. అంటే ఈ సీజను పోయినట్టే.

ఈసారి లాప్‌టాపే తీసుకోవాలనుకుంది. కరెంటు పోయినా పని ఆగదు. అయితే కొత్తదే కావాలి, పెట్టె తనే తెరవాలి. ఆ మాట అన్నదో లేదో, అందరికీ నోళ్లొచ్చినాయి. టైపు కొట్టేదానికి కొత్తదెందుకన్నాడు కోటి. సగం ధరకే వచ్చే పాతవి ఉండగా ఇదేం సోకన్నాడు ఆమె కార్డులు అచ్చేసే ప్రెస్సాయన. పోయిన ఏడు కోటి కొత్త ఫోను కొన్నప్పుడు ఈ లెక్కలు ఎవరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున కంభం రోడ్డులో కృపాకర్ కంప్యూటర్ల దుకాణానికి బయల్దేరింది. గొర్రెలకు నట్టల మందు కొనడానికి ఊళ్లోకి వచ్చిన నాయన యల్లయ్య, మందు సీసాల సంచి చంకన పెట్టుకుని ఆమె వెంట వచ్చినాడు. ఇంకొకాయన సలహా చెప్పడానికి తయారైనాడని ఆమెకు లోపల కాలింది.

కృపాకర్ గల్లా బల్ల మీద రెండు లాప్‌టాపులు పెట్టినాడు. ఒకటి కొత్తది, వెండి రంగు, మూత మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. ఇంకొకటి నల్లగా, మందంగా, బెంగళూరు కంపెనీ ఏదో మూటగా అమ్మేసిన వాటిలోది. మూత మీద సగం గీకిన నంబరు స్టిక్కరు. మీటల మీద రెండు మూడు అక్షరాలు అరిగిపోయినాయి. రీఫర్బిష్డ్ అంటే పాతది కాదక్కా, బాగు చేసి, తుడిచి, వారంటీ ఇస్తామని చెప్పినాడు.

"ఎన్నేండ్లది బాబూ?" అన్నాడు యల్లయ్య.

"ఆరేళ్లు పెద్దాయనా. ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదు."

"గొర్రెకైతే ఆరేండ్లకు పళ్లు ఊడతాయి. ఇంతకీ ఆ కంపెనీ వాళ్లు ఎందుకు అమ్మినారు? మంచిదాన్ని ఎవురన్నా మందలోంచి తోలేస్తారా?"

కృపాకర్ నల్లదాని మూతను గుడ్డతో తుడిచినాడు. యల్లయ్య కూతురి వైపు తిరిగి, "కొత్తదే తీసుకోమ్మా," అన్నాడు.

నాగజ్యోతి తన చెవులను తనే నమ్మలేదు. పుట్టి బుద్ధెరిగినాక ఈ మనిషి నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ప్లాస్టిక్ పొర అంచును గోటితో పట్టుకుంది. బ్యాగు జిప్పు తీసింది.

"ఆగు. కట్టి చూసినావా?" అన్నాడు యల్లయ్య.

"ఏంది నాయనా, కట్టేది?"

"ఎద్దును బండికి కట్టకుండా డబ్బు చేతిలో పెడతామా? నీ పని దీనితో ఒక సాలన్నా తోలి చూడు."

పరువు పోయినట్టనిపించింది. అయినా పెన్‌డ్రైవ్ తీసింది. ప్రెస్సుకు పంపే ఫైళ్లు, తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ అందులోనే ఉంటాయి. కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, ఇది ఈ యంత్రంలో నడవదని ఇంగ్లీషులో ఒక డబ్బా వచ్చింది. మళ్లీ నొక్కింది. అదే డబ్బా. వెంకటేశ్వర్లు కూతురి కార్డు తెరిచింది. పెళ్లికూతురు అరుణ, పెళ్లికొడుకు సురేష్ పేర్లు ఉండాల్సిన చోట వంకర ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, ఖాళీ గడులు.

అది తాతల నాటి సాఫ్ట్‌వేరక్కా, కొత్త పద్ధతిలో టైపు చేసుకో అన్నాడు కృపాకర్, పెద్ద సులువు చెప్పినట్టు. ప్రెస్సాయన ఆ పాత ఫాంట్లు తప్ప ఇంకేవీ తీసుకోడు. హార్డ్‌డిస్కులో ఆమె పన్నెండేళ్లుగా చేసిన వేల కార్డులు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. ఎవరి దగ్గర చెప్పుకోవాలి?

నల్లదాన్ని తెరిచి, పెన్‌డ్రైవ్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. నడవకూడదని ఎంత కోరుకుందో ఆమెకే తెలుసు. అరుణ, సురేష్, సుముహూర్తం, విందు, మామిడాకుల అంచుతో సహా చక్కగా వచ్చి కూర్చున్నాయి.

"ఇది పని తెలిసినది," అన్నాడు యల్లయ్య చిన్నగా. కూతురి మొహం చూసి మందు సీసాల సంచి చంకన సర్దుకున్నాడు.

పాతదే తీసుకుంది. బయట యల్లయ్య, తను అడక్కుండా ఉండాల్సిందేమో అన్నాడు. "అడిగినావు కాబట్టే రేపటి పని దక్కింది, పో నాయనా, బస్సు పోతది," అంది. కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే నాలుగు తిట్టి ఊరుకునేది.

షాపుకొచ్చి షట్టరెత్తి నల్లదాన్ని టేబులు మీద పెట్టింది. స్టిక్కరును గోటితో గీకింది. రాలేదు. కార్డు తెరిచింది. నిజానికి ఆ కార్డు అరుణది కాదు, రెండేళ్ల కింద జరిగిన ఆమె అక్క పెళ్లిది. పెద్దమ్మాయి కార్డే తీసి పేర్లు మార్చమ్మా, అదే చాలు అన్నాడు వెంకటేశ్వర్లు. అందరూ అట్లే అంటారు. పన్నెండేళ్లుగా ఆమె అట్లే మారుస్తా వచ్చింది, అక్క పేరు కొట్టేసి చెల్లెలి పేరు. ఇందులో ఒక్క వరుసలో అక్క మొగుడి ఊరు మార్చకుండా అట్లనే ఉండిపోయింది.

శనివారానికి ఇంకా ఒక పూటే ఉంది. ఆ ఊరి పేరు సరిచేసి పంపిస్తే పది నిమిషాల పని.

ఫైలు మూసేసింది. తెల్ల పేజీ కొత్తది తెరిచి, మొదటి వరుసలో అరుణ పేరు కొట్టింది.