ఆండాళు లెక్కలో మిగిలిన గుడ్డ

చిట్యాల సాలెవాడలో ఆండాళును మించిన నోటిలెక్క లేదనేవారు. అందులో సగం నిజం, సగం ఆమె గొంతు మహిమ.

ఆ రోజుల్లో పడుగుకు గంజి పెట్టాలంటే వాడంతా కదిలేది. వీధి పొడవునా దారాలు సాగదీసి, గంజి అద్ది, కుంచెలతో దువ్వేవాళ్లు. కూలి అడిగినవాడు లేడు. నిండు చీరలు సావుకారుకు పోగా చివర మిగిలిన ముక్క నేసినవాళ్లది. అందులోంచే సాయానికి వచ్చినవాడికి ఇంత చింపి ఇచ్చేవాళ్లు. ఆ గంజి వాసన, ఆ నవ్వులాటలు ఆ వీధికి మళ్లీ రాలేదు.

ఆ ఏడు బతుకమ్మకు ముందు ఆండాళు ఇంట మగ్గమెక్కిన పడుగు ఇరవై తొమ్మిదింబావు గజాలు. చీర ఆరున్నర గజాలు. ఎదిగిన కూతురు శారదమ్మకు మాత్రం ఓణీ లేదు. మిగిలే ముక్క మీదే ఆ పిల్ల ఆశ.

నూలు కండెలు చుడుతూనే ఆండాళు లెక్క తేల్చేసింది.

"నాలుగున్నర చీరలైతయి. నాలుగు సావుకారుకు వోతే మిగిలేది అరగజం. ముక్కు తుడుసుకోను గూడ చాలది."

మగ్గం మీద ఉన్న భర్త గండయ్య, పోగుల మధ్య ఆడే నాడె ఆపాడు. "జర మల్లొకపారి సూడరాదే."

"నువ్వు నెయ్యి. లెక్క నాకు ఇడిసిపెట్టు."

శారదమ్మ మొహం వేలాడేసింది. ఆ పీలిక కోసం ఏడుపెందుకని ఆండాళు, పడుగు దువ్విన గుర్వయ్యను పిలిచి పదిమందిలో అనేసింది: "సివరికి మిగిలింది నీదే పో. తలకు సుట్టుకో."

నాలుగో చీర కోశారు. పడుగు అయిపోలేదు. గజం దాటింది, రెండు దాటాయి. ఆండాళుకు అప్పుడు వెలిగింది. నాలుగున్నరలో ఆ సగం చీరలో సగం, గజంలో సగం కాదు! నాలుగు చీరలకు ఇరవై ఆరు గజాలు పోతే మిగిలేది మూడుంబావు. నిండు ఓణీ.

"గిదేనే నీ అరగజం?" గండయ్య పగలబడి నవ్వాడు.

"పండ్లు ఇకిలించకు. గుర్వయ్యకు మాటిచ్చిన."

మాట తప్పితే మళ్లీ ఆమె పడుగుకు కుంచె పట్టేవాడుండడు. గుర్వయ్య రాగానే మడత తెచ్చి చేతిలో పెట్టింది. కూతురి వైపు చూడలేదు.

గుర్వయ్య మడత విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు.

"గిదేంది వదినె! అరగజమంటివి?"

"లెక్క తప్పిన. మాట తప్ప. తీస్కపో."

గుర్వయ్య తలుపు వెనక నిలబడ్డ శారదమ్మను చూశాడు.

"నా తలకాయ గింతే ఉన్నది వదినె. గిదంత సుడితే మా దర్వాజల దూరుతనా?" అరగజం చింపి తలకు చుట్టుకున్నాడు. మిగతాది ఆండాళు చేతిలో పెట్టాడు. "పొల్లకు ఓణి చెయ్యి."

ఓణీ కాస్త పొట్టిదే అయింది. శారదమ్మకు అదేమీ పట్టలేదు. బతుకమ్మ నాడు ఆ కొంగు దోపుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

తర్వాత ఎన్నేళ్లైనా, వీధిలో ఎదురుపడితే గుర్వయ్య అడిగేవాడు: "వదినె, గీపారి ఎన్నున్నర?"

"ముందుగాల గంజి పెట్టు," అనేది ఆండాళు, "కోసినంక చెప్త."