ఎనిమిదో జట్టు

ఫిబ్రవరి, చివరి బుధవారం. పొద్దున పలచగా మంచు, తొమ్మిదికల్లా ఎండ. మేడ మీద సిమెంటు తొట్టి కడిగి నీళ్లు పట్టాను. కిందికి దిగుతుంటే ఫోను మోగింది.

"బాబాయ్‌గారూ, మేడం ఇక లేరండి. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట."

మాట్లాడింది ఒకప్పుడు మా ఊరి మహిళా కళాశాల సాఫ్ట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఇప్పుడు ఒక హైస్కూల్లో ఆటల టీచరు. పోయినావిడ ఆ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్, మా పక్కింటావిడ. ఈ కబురు ఈ అమ్మాయి నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. ఎందుకో చెబుతాను.

నేను జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేశాను. పదో తరగతి దాటలేదు. తెలిసిన నాలుగు ముక్కలూ లెక్కలు రాస్తూ నేర్చుకున్నవే. ఆటల సంగతి అసలు తెలియదు. మేడంగారితో మాకు పరిచయం మిరపకాయల వల్ల అయింది. ఒక ఏడు మిరప కోతల రోజుల్లో ఆవిడ అకాల వానకు తడిసిన, బంతి పట్టే తోలు గ్లవ్వులు తెచ్చి, మా మేడ మీద ఆరబెట్టుకుంటానని అడిగారు. పక్కనే మా ఆవిడ కారానికి కాయలు ఎండబోసింది. ఆ సాయంత్రం గాలి లేచి, కారపు ధూళి గ్లవ్వుల నిండా పట్టింది. మర్నాడు గ్లవ్వు వేసుకున్న చేత్తో మొహం తుడుచుకున్న పిల్ల అక్కడికక్కడే కూలబడిపోయిందట. మేడంగారు ఎర్రటి కళ్లతో మా గుమ్మంలోకి వచ్చారు.

"అన్నయ్యగారూ, మీ కాయ ఘాటు బ్రహ్మాండంగా ఉందండి. మా పిల్లలు బంతి ఎక్కడుందో కనపడక ఏడుస్తున్నారు."

"అయ్యో, చూసుకోలేదండీ మేడంగారూ."

"పర్లేదు. రేపు బయటి కాలేజీవాళ్లు ఆడటానికి వస్తున్నారు. వాళ్లకు గ్లవ్వులు మనమే ఇవ్వాలి. ఈలోగా వీటిని కడిగే ఉపాయం చెప్పండి."

కడిగాం. ఆ మర్నాడు ఆట చూడ్డానికి పిలిచి, స్కోరు రాయమని నా చేతిలో కాగితాలు పెట్టారు. "నాకు ఆట తెలియదండీ" అంటే, "అందుకేగా మిమ్మల్ని పెట్టింది. ఆట తెలిసినవాళ్లందరికీ ఏదో ఒక జట్టు ఉంది" అన్నారు. అలా ఏళ్ల తరబడి ఆవిడ మైదానంలో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాను.

పిడుగురాళ్ల సున్నంతో గీతలు ఆవిడే స్వయంగా గీసేవారు. గీశాక చెప్పులు విడిచి, బంతి విసిరే చోటు నుంచి బ్యాటు పట్టినవాళ్లు నిలబడే ప్లేటు దాకా అడుగులు వేసి చూసుకునేవారు. తర్వాత అవతలి జట్టు కెప్టెన్ని పిలిచి, "నువ్వూ నడిచి చూసుకోమ్మా" అనేవారు. ఆట అయ్యాక వేరుశనగ అచ్చులు ముందు ఓడినవాళ్లకు పంచేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. ఆవిడ గొంతు తగ్గిందంటే పిల్లలు హడలిపోయేవారు.

కళాశాలల పోటీలకు ఎనిమిది జట్లు వచ్చేవి. ఓడితే ఇంటికే. మొదటి రోజు ఎవరితో ఎవరు ఆడాలన్నది పోటీ పెట్టే కళాశాల ఇష్టం. గట్టి జట్లు రెండూ మొదట్లోనే తలపడి ఒకటి ఇంటికి పోయేది. ఏటా తగువే. ఒకసారి మేడంగారు విసిగిపోయి, "అన్నయ్యగారూ, ఎవరూ నోరెత్తడానికి వీల్లేని లెక్క ఒకటి కట్టిపెట్టండి" అన్నారు.

కట్టాను. అంతకుముందు మూడేళ్లలో ఏ జట్టు ఎన్నో స్థానంలో నిలిచిందో చూసి, దగ్గరి ఏడాదికి ఎక్కువ బరువు, పాత ఏడాదికి తక్కువ బరువు వేశాను. మొదటి రోజే ఓడిపోయిన నాలుగు జట్లలో ఎక్కువ పరుగుల తేడాతో ఓడింది ఎనిమిదోది. మరుసటి ఏడు మొదటి జట్టు ఎనిమిదో జట్టుతో ఆడుతుంది, రెండోది ఏడో దానితో, అలా. నిజంగానే ఎవరూ నోరెత్తలేదు. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా జట్టు ఎప్పుడూ మొదటిదే. ఎనిమిదోది ఎప్పుడూ పొదిలి అవతలి మెట్ట ప్రాంతం నుంచి వచ్చే కళాశాల. వాళ్లు ముందు రోజు బస్సెక్కి వచ్చి, పొద్దున్నే మాతో ఆడి, చిత్తుగా ఓడి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవారు. మూడో ఏడు కూడా అలాగే జరిగాక, బ్యాట్లు సంచిలో సర్దుకుంటూ వాళ్ల కెప్టెన్ నా బల్ల దగ్గరికి వచ్చింది. సన్నగా, నల్లగా, నదురూ బెదురూ లేని పిల్ల.

"బాబాయ్, లెక్క కట్టింది నువ్వేనంటగా?"

"నేనేనమ్మా."

"మేం మీవోళ్లతో తప్ప ఇంకెవరితో ఆడలా. మరి ఏడోవోళ్లకంటే మేం తక్కువని నీకెట్టా తెలిసింది?"

కాగితాల్లో చూసి చెబుదామనుకున్నాను. కాగితాల్లో దానికి జవాబు లేదు. మేడంగారు పక్కనే అచ్చులు పంచుతూ విన్నారు. ఆ సాయంత్రం మా అరుగు మీద మేడంగారి టీ సాసర్లోనే చల్లారిపోయింది.

"వాళ్లు ఎనిమిదోవాళ్లని ఎవరు చెప్పారు అన్నయ్యగారూ?"

"లెక్క చెప్పిందండి."

"లెక్కకి ఎవరు చెప్పారు? మనం వాళ్లని చితక్కొట్టాం, అందుకని ఎనిమిదోవాళ్లయ్యారు. ఎనిమిదోవాళ్లు కాబట్టి మళ్లీ మనకే దొరికారు. వాళ్ల చోట ఎవరున్నా అంతేగా."

మరుసటి ఏడు పోటీల ముందు అన్ని కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లూ కూర్చున్నప్పుడు ఆవిడ కొత్త పద్ధతి చెప్పారు. చీటీలు తీసి జట్లను రెండు గుంపులు చేయాలి. గుంపులో అందరూ అందరితో ఆడాలి. పైకి వెళ్లేదెవరో ఈ ఏటి ఆటే తేల్చాలి, పాత స్థానాలు కాదు. ఒక పెద్దాయన నవ్వారు.

"ఓడేవాళ్లు రూలు మార్చమంటే అర్థం ఉంది. గెలిచే మీరు మార్చమంటుంటే భయంగా ఉంది మేడం."

"నాకూ భయంగానే ఉందండి. ఒప్పుకోండి" అన్నారు ఆవిడ.

ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మా కెప్టెన్. ఆ అమ్మాయి ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్, చివరి ఏడాది. యూనివర్సిటీ జట్టును ఎంచే పెద్దలు సెమీఫైనల్ రోజే వచ్చేవారు. పాత లెక్కలో మేం సెమీస్‌లో ఉండటం ఖాయం. యూనివర్సిటీ జట్టులో ఆడితే వ్యాయామ విద్య కోర్సులో ఆటల కోటా సీటు వస్తుంది. ఆ ఇంట్లో డబ్బు కట్టి చదివించే స్తోమత లేదు.

"ఈ ఒక్క ఏడూ ఆగండి మేడం. నేను వెళ్లిపోయాక మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి."

"నీ తర్వాత వచ్చే పిల్లా అదే అంటుందమ్మా" అన్నారు మేడంగారు. గొంతు చాలా తగ్గింది.

చీటీల్లో పొదిలి అవతలి జట్టు మా గుంపులోనే పడింది. మూడు ఆటలు దొరికేసరికి ఆ పిల్లలు కాళ్లు నిలదొక్కుకున్నారు. వాళ్లకూ మాకూ పడిన చివరి ఆటలో ఎవరు గెలిస్తే వాళ్లు సెమీస్‌కు వెళతారన్న స్థితి వచ్చింది. చివరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం. ఆ నల్లపిల్ల మూడో బేసు నుంచి పరుగెత్తి, హోమ్ ప్లేటు మీదికి జారింది. ప్లేటు తొక్కకముందే బంతి తగిలిస్తే ఔటు; మా కెప్టెన్ బంతి పట్టి ఆమెకు తగిలించింది. దుమ్ము లేచింది. అంపైరు సేఫ్ అన్నాడు. మా అమ్మాయి గ్లవ్వు విసిరేసి మేడం దగ్గరికి పరుగెత్తింది.

"ఔట్ మేడం! మీరు చూశారుగా, అడగండి!"

"చూశాను. సేఫే" అన్నారు మేడంగారు.

అలా సెమీస్‌కు వెళ్లిన ఆ జట్టు ఆ ఏడు నాలుగో స్థానంలో నిలిచింది. అంటే అంతకుముందు కూడా ఎనిమిదోవాళ్లు కారేమో. చెప్పలేం, ఆడించి చూడలేదు. మా అమ్మాయిని ఎవరూ ఎంచుకోలేదు. రెండేళ్లు బట్టల కొట్లో పనిచేసి, సొంతంగా చదువుకుని, పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. మేడంగారు ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఇంటికి కేకు పంపేవారు. కేకు తీసుకునేవారు. తిరిగి ఒక్క మాట వచ్చేది కాదు.

ఒకసారి ఆవిడ నన్ను అడిగారు. "ఆ పిల్ల రెండేళ్లు నేను తీసేసుకున్నానా అన్నయ్యగారూ?"

నాకు మెత్తగా చెప్పడం రాదు. "తీసుకున్నారండి" అన్నాను.

"అవును" అన్నారు. "మళ్లీ అయినా అంతే చేస్తాను. అదే బాధ" అన్నారు.

ఆ మాట నేను ఆ అమ్మాయికి చేర్చలేదు. చేర్చమని ఆవిడ అడగలేదు. పోయిన క్రిస్మస్‌కు ఆ అమ్మాయే తన స్కూలు జట్టు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వచ్చిందని మాత్రం తెలుసు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. వెళ్లేటప్పుడు పిల్లలందరి చేతుల్లో వేరుశనగ అచ్చులున్నాయి.

మధ్యాహ్నం సమాధుల తోటకు వెళ్లాను. ప్రార్థన అయింది, మట్టి వేశారు. జనం కదులుతుండగా పొదిలి బస్సులో వచ్చినావిడ ఒకరు నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, గుర్తుపట్టావా?" అంది. ఒళ్లు చేసింది, కళ్లద్దాలొచ్చాయి. గొంతు మాత్రం అదే. నేను పలకరించేలోపు పొద్దున ఫోను చేసిన మా కెప్టెన్ అమ్మాయి గుర్తుపట్టేసింది.

"నువ్వు ఔటే" అంది, ఏడ్చిన గొంతుతోనే.

"ఇంకా అదే పట్టుకుని ఉన్నావా తల్లీ! సేఫు."

"మోకాలికి తగిలించాను."

"తగిలించావులే. అప్పటికే నా మడమ ప్లేటు మీదుంది. ఇట్టా వచ్చా చూడు" అంటూ ఆవిడ కాలు చాచింది. నల్లరేగడి మీద చెప్పు గీత పడింది.

మా అమ్మాయి ఆ గీతను కాసేపు చూసింది. "అట్లా కాదు. పరుగెత్తి చూపించు."

"ఈ చీరలోనా?"

"చీరలోనే."

ఆవిడ కుచ్చిళ్లు పైకి దోపుకుని, కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చి, వెనక్కి నడిచింది. మా అమ్మాయి గొంతుక్కూర్చుని రెండు చేతులూ ముందుకు చాచింది. గేటు వైపు వెళ్తున్నవాళ్లు ఆగిపోయారు. పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని, దారి ఇచ్చి పక్కకు జరిగారు.