పదో మనిషి

మొన్న బీపీ గోలీల కోసం తూంకుంటలో కొత్తగా కట్టిన దవాఖానకు వెళ్తే గోడ మీద పెద్ద ఫోటో కనిపించింది. శామీర్‌పేట దగ్గరి టీకాల కంపెనీ సొంత ఖర్చుతో కట్టించిన దవాఖాన కాబట్టి, కరోనా కాలంలో పనిచేసిన తమ వాళ్లందరినీ తల నుంచి కాళ్ల దాకా కప్పే తెల్ల డ్రెస్సుల్లో నిలబెట్టి తీయించిన ఫోటో అది. కళ్లు తప్ప ఎవరివీ ఏమీ కనబడవు, అయినా రెండో వరుసలో మా యారాలిని, అంటే మా ఆయన తమ్ముడి భార్యను, ఇట్టే గుర్తుపట్టాను. ముప్పై ఏళ్లు సర్కారు నర్సమ్మగా ఊరూరా తిరిగి సూదులు వేసిన నా ఫోటో మాత్రం పింఛను కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. దాచడమెందుకు, నాకు కడుపు మండింది. గోలీలు కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మేం కొలువులో చేరిన రోజుల్లో టీకా అంటే సర్కారుదే. మేడ్చల్లో మందు తీసుకుని, ఐసు పేర్చిన నీలం డబ్బా భుజానికి తగిలించుకుని, బస్సు దొరికితే బస్సులో, లేకపోతే నడిచి రావల్కోల్ చేరేసరికి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని బడి వరండాలో కూర్చుని ఉండేవాళ్లు. మా అత్తగారి ఊరూ అదే. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి సూది నా చేతి మీదుగానే పడింది, యారాలి పిల్లలిద్దరికీ కూడా, ఆ సంగతి నేను ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. తర్వాత ఆమె ఆ కంపెనీలో చేరి, వెలుతురు ముందు ఒక్కో సీసా తిప్పి చూస్తూ నలుసులు కనిపెట్టే పని చేసేది. నేనూ రోజూ బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను కదా, నాకెవరూ జీతమివ్వరేమని వెక్కిరించేదాన్ని.

కరోనా వచ్చాక ఎవరైనా నా వైపు చూస్తే ఒట్టు. ఆమె కంపెనీ టీకా చేస్తోందని తెలిసి చుట్టాలంతా ఆమెకే ఫోన్లు. మాకేమో నాలుగు రోజులకొక సీసా వస్తే గొప్ప. కంపెనీ వాళ్లు ఉద్యోగుల ఇంటివాళ్ల కోసం పేట్ బషీరాబాద్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడి, ఏసీ బస్సు పంపి, టీకా వేయించి, మజ్జిగ తాగించి దింపేవాళ్లు. సూదంటే ఆమడ దూరం పరుగెత్తే మా అత్తను నెల రోజులు బతిమాలి ఒప్పించింది మాత్రం నేను. ఆమెకు టీకా నా చేత్తోనే వేయాలని మనసులో గట్టిగా పెట్టుకున్నాను.

సీసాలో పది మందికి సరిపడా మందు ఉండేది. తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, అందుకని పది మంది కూడితే గానీ తెరవొద్దని పైవాళ్ల మాట. ఆ రోజు తొమ్మిది మంది పొద్దున్నే వచ్చి బడి వరండాలో కూర్చున్నారు, వాళ్లలో చేను పని మానుకుని వచ్చిన దర్జీ భార్య ఒకామె. పదో మనిషి మా అత్త. ఎంతకీ రాకపోతే ఆశా వర్కరును ఇంటికి పంపాను. ఆమె తిరిగొచ్చి, మా అత్త కొత్త చీర కట్టుకుని యారాలి వెంట బస్సెక్కిందని చెప్పింది.

వీధిలోకి వెళ్లి పిలిస్తే పదో మనిషి దొరికేవాడే. పిలవలేదు. తొమ్మిది మందికే తెరిచినా నా కొలువు పోయేది కాదు, తెరవలేదు. ఉక్రోషం నెత్తికెక్కి, రూలు ఒప్పదు, రేపు రండని చెప్పి డబ్బా మూత బిగించాను. సాయంత్రం అత్త భుజం చూపించి, "ఎప్పుడు పొడిసిండ్రో తెల్వనే తెల్వలే" అంది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

రేపు రమ్మన్నాను గానీ, తిరిగిచ్చిన ఆ సీసా ఇంకో ఊరికి వెళ్లిపోయింది, ఎనిమిది రోజులు మాకు మందే రాలేదు. ఈలోగా దర్జీ భార్యకు కరోనా తగిలి, పట్నంలో దవాఖాన పాలై, బతికి బయటపడింది గానీ ఊపిరి మునుపటిలా లేదు. ఆ ఒక్క సూది పడి ఉంటే ఇంత కాకపోయేదా అని ఏ డాక్టరునూ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. ఇంటికొచ్చాక ఆమెకు ఆక్సిజన్ మిషను కావాల్సి వస్తే, కంపెనీ వాళ్లతో మాట్లాడి తెచ్చిచ్చింది మా యారాలే. అప్పుడు కూడా నాకు ముందు కలిగింది అసూయే, సిగ్గు తర్వాత వచ్చింది. ఆ రోజు నర్సమ్మ సీసా ఎందుకు తెరవలేదని ఎవరో అంటే, దర్జీ భార్య ఆయాసపడుతూనే, "అక్క ఏం జేస్తది, రూలు గట్ల ఉండె, పాపం ఆమె గూడ మస్తు పరేషాన్ అయింది" అని నన్ను వెనకేసుకొచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు నా చోట్లోకి వచ్చిన అమ్మాయి ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరుస్తుంది, మిగిలింది పారబోస్తుంది, ఎవరూ అడగరు. వరండా పక్కగా పోతూ ఆ పిల్లను చూసినప్పుడు కలిగే అసూయ ముందు యారాలి మీద పడ్డది ఎంత. దర్జీ భార్య మాకు రెండిళ్ల అవతలే ఉంటుంది, ఎదురైతే ఇప్పటికీ అక్కా అని ఆగి పలకరిస్తుంది. ఆమెకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను.